స్టార్ సేవలు: దొంగసొమ్ము జాడ చూపిస్తాయి, తెచ్చి చేతిలో పెట్టవు

ఏసీబీ దాడి జరిగిన మర్నాడు పేపర్లో బంగారం, వెండి కంచాలు, నోట్ల కట్టలు వరసగా పేర్చిన ఫొటో వస్తుంది. అది ఇంట్లో దొరికిన సొమ్ము సంగతి. సింగపూర్ ఖాతాకో, దుబాయ్ ఫ్లాట్‌కో, లండన్ ఇంటికో చేరిన సొమ్ముకు ఫొటో ఉండదు. దాని వెంట పడేవాళ్ల కోసమే స్టార్ ఉంది. దోచుకున్న ఆస్తుల రికవరీ కోసం ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాలు-నేరాల కార్యాలయం కలిసి 2007 సెప్టెంబరులో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. సైట్‌లో పెట్టినవన్నీ ఉచితం. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇంగ్లిష్‌తో పాటు కొన్ని ప్రచురణలు ఫ్రెంచ్, స్పానిష్, అరబిక్‌లాంటి భాషల్లో దొరుకుతాయి. తెలుగులో లేవు, హిందీలోనూ లేవు.

ఎవరికి పనికొస్తుంది? ఏసీబీ, సీబీఐ, ఈడీ దర్యాప్తు అధికారులకు, పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు, బ్యాంకుల్లో కంప్లయన్స్ చూసేవాళ్లకు, ఆడిటర్లకు, డొల్ల కంపెనీల మీద రాసే విలేకరులకు. ఎవరికి పనికిరాదు? ‘ఫలానా ఎమ్మెల్యే డబ్బు స్విస్ బ్యాంకులో ఉంది, పట్టుకోండి’ అని ఈమెయిల్ పెట్టాలనుకునేవాళ్లకు. స్టార్ ఫిర్యాదులు తీసుకోదు, కేసు పెట్టదు, ఎవరి ఖాతా ఆపదు. ప్రభుత్వం అడిగితే దాని అధికారులకు శిక్షణ ఇస్తుంది, అవతలి దేశం అధికారులతో కూర్చోబెడుతుంది, కేసు ఎలా నడపాలో సలహా చెబుతుంది. అంతవరకే. ఈ హద్దు తెలియకుండా సైట్ తెరిచినవాళ్లే ఎక్కువగా విసుక్కుంటారు.

మా అంచనాలో దీని విలువలో ముప్పాతిక భాగం న్యాయ సహాయం కోరుతూ విదేశానికి ఉత్తరం పంపే ముందు చేసుకోవాల్సిన పనిలోనే ఉంది. సొమ్ము వెనక్కి వచ్చే దశకు చేరేసరికి ఈ సేవ బాగా పలచబడుతుంది.

అంకెల గురించి ఒక మాట. ఏటా 2,000 నుంచి 4,000 కోట్ల డాలర్లు పేద, వర్ధమాన దేశాల నుంచి దోపిడీ అవుతున్నాయన్న లెక్క స్టార్‌దే. ప్రతి ఉపన్యాసంలోనూ దొర్లుతుంది. అది స్థూలమైన అంచనా, దాని మీద ఇంకో లెక్క కట్టకండి. ఎక్కువగా సంపన్న దేశాలుండే కూటమి ఓఈసీడీతో కలిసి వేసిన 2014 నివేదికలోని అంకెలు గట్టివి. 2010 నుంచి 2012 జూన్ వరకు ఓఈసీడీ దేశాలు 139.8 కోట్ల డాలర్లు స్తంభింపజేశాయి, తిరిగి ఇచ్చింది 14.72 కోట్లు. ఆపినదాంట్లో పదో వంతు పైచిలుకు. ఆపడం ఒక ఎత్తు, తేవడం మరో ఎత్తు అన్న సంగతి ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

హ్యాండ్‌బుక్

స్టార్ ఇచ్చేవాటిలో ఒక్కటే తీసుకోవాలంటే అసెట్ రికవరీ హ్యాండ్‌బుక్ తీసుకోండి. మొదటి కూర్పు 2011, రెండోది 2021. పాతది ఇప్పటికీ చాలా డెస్కుల మీద కనిపిస్తుంది, కొత్తదే దించుకోండి. కేసు తెరవడం, సాక్ష్యం సేకరణ, జాడ తీయడం, ఆస్తి కదలకుండా ఆపడం, ఆపినదాన్ని చూసుకోవడం, జప్తు, విదేశీ సహకారం, సివిల్ దావా... పని నడిచే వరసలోనే అధ్యాయాలు నడుస్తాయి. రాసింది ప్రాసిక్యూటర్లు, దర్యాప్తు అధికారులు అని రెండు పేజీలు చదివితే తెలిసిపోతుంది. నీతిబోధ తక్కువ.

అసలు సరుకు చివర్లో, అనుబంధాల్లో ఉంది. బ్యాంకు నుంచి ఏయే కాగితాలు రప్పించాలో చెప్పే నమూనా ఉత్తర్వు, సోదాకు ముందు వేసుకోవాల్సిన ప్లాన్, అవతలి దేశం అధికారితో ఫోన్‌లో మాట్లాడాల్సిన అంశాలు, న్యాయ సహాయ అభ్యర్థన టెంప్లేట్. మొదటి కూర్పులో డబ్బు బదిలీ సందేశాల గురించి ఓ చిన్న అనుబంధం ఉంటుంది. చూడ్డానికి చప్పగా ఉంటుంది కానీ కేసులు తేలేది అక్కడే. దాన్ని వాడి చూపించాలంటే ఒక ఊహాజనిత కేసు తీసుకోవాలి.

ఓ నీటిపారుదల కాంట్రాక్టులో లంచం 40 లక్షల డాలర్లు, కన్సల్టెన్సీ ఫీజు ముసుగులో హైదరాబాద్ నుంచి సింగపూర్‌లోని ఓ ఖాతాకు పోయిందనుకుందాం. ఖాతా బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో నమోదైన కంపెనీది. ఆ కంపెనీ పేరనే లండన్‌లో ఓ ఫ్లాట్ ఉంది. మన వైపు తొలి ఆధారం బ్యాంకులోనే దొరుకుతుంది. విదేశానికి డబ్బు పంపిన ఏ2 ఫారం, ఎందుకు పంపారో చెప్పే పర్పస్ కోడ్, పన్ను సంగతి చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో ధ్రువీకరించే 15సీబీ ఫారం, దాని జంట 15సీఏ, ఇన్‌వాయిస్. ‘టెక్నికల్ కన్సల్టెన్సీ’ అని రాసి ఉంటే ఆ కన్సల్టెన్సీ రిపోర్టు ఎక్కడని అడగడం మొదటి ప్రశ్న. సాధారణంగా రిపోర్టు ఉండదు. ఉన్నా నాలుగు పేజీలు, అందులో మూడు గూగుల్ నుంచి దించినవి.

తర్వాత స్విఫ్ట్ సందేశం, అంటే విదేశాలకు డబ్బు బదిలీ కోసం బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే సందేశం. పాత పద్ధతిలో ఖాతాదారు బదిలీ ఎంటీ103 రూపంలో పోయేది. అందులో 50వ గడిలో పంపినవారు, 59లో అందుకునేవారు, 70లో ఎందుకు పంపారు, 32ఏలో తేదీ, కరెన్సీ, మొత్తం. ఇది ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు గొలుసులా నడిస్తే మధ్యలో ఉన్న ప్రతి బ్యాంకులోనూ రెండు పేర్లూ మిగులుతాయి. కవర్ పద్ధతిలో అలా కాదు. అసలు సందేశం నేరుగా సింగపూర్ బ్యాంకుకు పోతుంది, డబ్బు మాత్రం ఎంటీ202 సందేశంతో న్యూయార్క్ కరస్పాండెంట్ బ్యాంకు (మధ్యవర్తిగా డాలర్లు చేరవేసే బ్యాంకు) మీదుగా వెళుతుంది. 2009 నవంబరు ముందు ఆ 202లో పంపినవారి పేరు, అందుకునేవారి పేరు ఉండేవి కావు. ఆ నెలలో ‘202 కవర్’ రూపం వచ్చాకే అవి తప్పనిసరయ్యాయి. కాబట్టి 2008 నాటి లావాదేవీకి న్యూయార్క్ బ్యాంకును అడిగి పేర్లు లేవని నిరాశపడటం దండగ. అడగాల్సింది రెండు చివర్లలోని బ్యాంకులనే. 2010 తర్వాతి లావాదేవీ అయితే డాలర్లలో జరిగింది కాబట్టి న్యూయార్క్‌లో అడుగుజాడ ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పుడు సందేశాల రూపమే ఐఎస్ఓ 20022 అనే కొత్త ప్రమాణానికి మారింది, గడుల నంబర్లు పోయాయి, పొందుపరచే వివరం పెరిగింది. కానీ పదేళ్ల నాటి కేసు నడిపేవాళ్లకు పాత గడులే దిక్కు.

లండన్ ఫ్లాట్ సులువు. ఇంగ్లండ్, వేల్స్ భూమి రికార్డు కాపీ కొద్ది పౌండ్ల రుసుముకు ఎవరికైనా ఇస్తారు. విదేశీ కంపెనీ పేరున స్థిరాస్తి ఉంటే, వెనకున్న అసలు యజమానిని బ్రిటన్ కంపెనీల రిజిస్ట్రీ అయిన కంపెనీస్ హౌస్‌లో నమోదు చేయాలన్న నిబంధన 2022 ఆగస్టు 1 నుంచి ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 1999 జనవరి 1 తర్వాత కొన్నవాటికీ వర్తిస్తుంది. అక్కడ ట్రస్టు పేరు కనిపించిందంటే గోడ తగిలినట్టే, కనీసం గోడ ఎక్కడుందో తెలుస్తుంది. వర్జిన్ ఐలాండ్స్ వైపు మాత్రం వాటాదారుల పేర్లు మామూలు మనిషికి రిజిస్ట్రీలో కనిపించవు, అధికారిక మార్గమే శరణ్యం. స్టార్ సైట్‌లో దేశాలవారీ ‘బెనిఫిషియల్ ఓనర్‌షిప్’ (తెర వెనకున్న అసలు యాజమాన్యం) గైడ్లు ఉన్నాయి. ఏ దేశంలో ఎలాంటి కంపెనీలు ఉంటాయి, ఏ రిజిస్టర్ ఎవరి దగ్గర ఉంటుంది, బయటివాళ్లకు ఏది తెరుస్తారు అన్నవి వీటిలో దొరుకుతాయి. చిన్నవి, సూటిగా ఉంటాయి. కాకపోతే చట్టం మారినా గైడ్ పాతదే ఉండొచ్చు, ముందు దాని తేదీ చూడండి.

ఉత్తరం పంపే దగ్గర

జాడ దొరికింది. ఇక్కడే తొందరపాటు వస్తుంది, వెంటనే లెటర్ రోగేటరీ, అంటే సాయం కోరుతూ మన కోర్టు విదేశానికి రాసే లేఖ. హ్యాండ్‌బుక్ పదేపదే చెప్పేది దీనికి ఉల్టా. ముందు మాట్లాడండి, తర్వాత రాయండి. ఆర్థిక నిఘా విభాగాలు ఎగ్మాంట్ గ్రూపు అనే వేదిక మీద ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి. మన నిఘా విభాగం ఎఫ్ఐయూ 2007 నుంచి అందులో సభ్యురాలు. అలా వచ్చిన సమాచారం దారి చూపడానికే, కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి కాదు. ఈ తేడా మరిచి ఎగ్మాంట్ జవాబును ఛార్జిషీటుకు జతచేస్తే ఆ దేశం మళ్లీ నోరు విప్పదు.

మన దగ్గర దారి ఇలా ఉంటుంది. దర్యాప్తు సంస్థ ముసాయిదా తయారు చేసి కేంద్ర హోంశాఖ సమ్మతి తీసుకుంటుంది, కోర్టులో దరఖాస్తు వేస్తుంది. కోర్టు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్ఎస్ఎస్ 112వ సెక్షన్ కింద లేఖ ఇస్తుంది. పాత సీఆర్‌పీసీలో ఇది 166ఏ. మనీలాండరింగ్ నిరోధక చట్టం (పీఎంఎల్ఏ) కేసుల్లో 57వ సెక్షన్ లేఖకు, 60వ సెక్షన్ అవతలి దేశంలో అటాచ్‌మెంట్, జప్తుకు. రాష్ట్ర ఏసీబీ కేసైనా కేంద్ర హోంశాఖ గుమ్మం తొక్కకుండా బయటికి పోదు. ఈ దారి స్టార్ టెంప్లేట్‌లో ఉండదు, అది అన్ని దేశాలకూ ఒకే కొలత చొక్కా. భారత పద్ధతికి కత్తిరించుకోవాలి.

ఐరాస అవినీతి వ్యతిరేక ఒడంబడిక 46వ అధికరణం 15వ పేరా ప్రకారం అభ్యర్థనలో ఆరు విషయాలు ఉండాలి: అడిగే సంస్థ ఏది, దర్యాప్తు దేని మీద, వాస్తవాల సారాంశం, కావాల్సిన సాయం, సంబంధిత వ్యక్తి గుర్తింపు, ఉద్దేశం. ఆస్తిని ఆపమనో జప్తు చేయమనో అడిగితే 55వ అధికరణం ఇంకొన్ని కోరుతుంది. ఆస్తి వివరం, వీలైనంత వరకు అది ఉన్న చోటు, అంచనా విలువ. మన కోర్టు జప్తు ఉత్తర్వును అక్కడ అమలు చేయమంటే ఉత్తర్వు కాపీతో పాటు, నిజాయితీగా కొన్న మూడో వ్యక్తులకు నోటీసు ఇచ్చామని, ఉత్తర్వు తుదిదని చెప్పే ప్రకటన కూడా జతచేయాలి. ఈ ప్రకటన లేక ఆగిపోతే తప్పు మనదే.

లేఖలు గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చే కారణాలు నాలుగైదే.

మొదటిది చేపల వల. ‘మీ దేశంలో ఈ వ్యక్తికి ఉన్న ఖాతాలన్నిటి వివరాలు ఇవ్వండి’ అంటే స్విట్జర్లాండ్ పక్కన పెడుతుంది. బ్యాంకు పేరు, కంపెనీ పేరు, తేదీ, ఏదో ఒక పోగు చేతిలో పెట్టాలి. ఆ డబ్బుకూ నేరానికీ సంబంధం ఏమిటో రెండు పేరాల్లో చెప్పాలి.

రెండోది మన వ్యవస్థకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. ఏసీబీ కేసుల్లో అలవాటైన సెక్షన్ ఆదాయానికి మించిన ఆస్తులు, అవినీతి నిరోధక చట్టం 13(1)(బీ). ఒడంబడికలో దీనికి సరిపోయే 20వ అధికరణం ఐచ్ఛికం మాత్రమే. అమెరికా, బ్రిటన్‌లలో ఇలాంటి నేరం లేదు. ఆ ఒక్క సెక్షన్ మీద నిలబెట్టిన లేఖకు ‘మా చట్టంలో ఇది నేరం కాదు’ అన్న జవాబు వస్తుంది. దీనికి విరుగుడు ఒడంబడికలోనే 43వ అధికరణం 2వ పేరాలో ఉంది. నేరం పేరు ఒకటే కానక్కర్లేదు, అసలు చేసిన పని రెండు దేశాల్లోనూ నేరమైతే చాలు. కాబట్టి సెక్షన్లు వల్లించడం మాని ఎవరు, ఎవరికి, ఏ ఫైలు కదిలించినందుకు, ఎంత ఇచ్చారో రాయాలి. లంచం, మనీలాండరింగ్ కోణం వాస్తవాల్లోంచే కనిపించాలి. బ్యాంకు గోప్యత సాకు చెబితే 46వ అధికరణం 8వ పేరా చూపించొచ్చు, ఆ కారణంతో నిరాకరించడానికి వీల్లేదు.

మూడోది వరస తప్పడం. ముందు బ్యాంకు కాగితాలు అడిగి, తర్వాత తీరిగ్గా ఖాతా ఆపమని అడిగేసరికి ఖాతా ఖాళీ. కొన్ని దేశాల్లో కాగితాలు ఇచ్చే ముందు ఖాతాదారుకు చెప్పాలి, అతను అప్పీలుకు వెళ్లొచ్చు. స్విట్జర్లాండ్‌లో కాగితాలు అప్పగించే తుది ఉత్తర్వు మీద ఖాతాదారుకు 30 రోజుల గడువు ఉంటుంది, అప్పీలు బెలింజోనాలోని ఫెడరల్ క్రిమినల్ కోర్టుకు. స్తంభన, గోప్యత, కాగితాలు మూడూ ఒకే అభ్యర్థనలో ఈ వరసలోనే అడగాలి.

నాలుగోది పొడవు. ఎఫ్ఐఆర్ మొత్తం, రిమాండ్ రిపోర్టు మొత్తం అనువాదం చేయించి అంటించే అలవాటు. లేఖ చదివే లండన్ అధికారికి ‘రూ.3,25,00,000’ అర్థం కాదు, కోటి అంటే ఏమిటో తెలియదు. విదేశీ కరెన్సీలోకి, ఆ తేదీనాటి మారకం రేటుతో మార్చి రాయాలి. 04/05 అన్న తేదీ అమెరికాలో ఏప్రిల్ 5, మన దగ్గర మే 4. నెల అక్షరాల్లో రాయడానికి పైసా ఖర్చు లేదు.

డేటాబేస్

అసెట్ రికవరీ వాచ్ పేరుతో స్టార్ నడిపే కేసుల సంచయం ఇది. సొమ్ము ఏ దేశానిది, ఎక్కడ దొరికింది, ఏ చట్టపు దారిలో నడిచింది, ఎంత ఆపారు, ఎంత ఇచ్చారు అన్న గడులతో వెతుక్కోవచ్చు. దేశం పేరుతో కాకుండా చట్టపు దారితో వెతకండి, అప్పుడే ఉపయోగం. ‘శిక్ష లేకుండా జప్తు’ అని వడకడితే నిందితుడు చనిపోయిన, పారిపోయిన కేసులు ఎలా గట్టెక్కాయో కనిపిస్తుంది. లోపాలూ ఉన్నాయి. ఆపిన మొత్తం, జప్తు అయినది, ఇచ్చినది మూడూ వేర్వేరు తేదీల నాటి, వేర్వేరు కరెన్సీల అంకెలు కావొచ్చు. కూడికలు వేసి శీర్షిక పెట్టే విలేకరులు జాగ్రత్త. నడుస్తున్న కేసుల నవీకరణ నెమ్మది.

పాత కేసులు మాత్రం చదివి తీరాలి. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు మార్కోస్ డబ్బును స్విట్జర్లాండ్ 1986 మార్చిలో ఆపింది. మనీలాలో జప్తు తీర్పు వచ్చింది 2003 జులైలో, 65.8 కోట్ల డాలర్ల పైమాట. పదిహేడేళ్లు. పెరూ మాజీ నిఘా అధిపతి మాంటెసినోస్ విషయంలో స్విస్ అధికారులే 2000లో తమంతట తాము కేసు తెరిచారు, 2002 ఆగస్టులో 7.75 కోట్ల డాలర్లు లిమాకు చేరాయి. అడిగేదాకా ఆగకుండా అవతలివాళ్లే కబురు చేసే ఈ పద్ధతినే ఒడంబడిక తర్వాత 56వ అధికరణంగా పెట్టింది.

ఓడిన కేసులు ఇంకా ఎక్కువ నేర్పుతాయి. కాంగో మాజీ నియంత మొబుటు డబ్బు 77 లక్షల స్విస్ ఫ్రాంకులు స్విట్జర్లాండ్‌లో పన్నెండేళ్లు ఆపి, కాలపరిమితి దాటిందని 2009లో వారసులకే వదిలేయాల్సి వచ్చింది. హైతీ మాజీ నియంతలు డ్యువాలియర్‌ల సొమ్ము కూడా అదే కాలపరిమితి గోతిలో పడింది. స్విస్ సుప్రీంకోర్టు ఆ తీర్పు ఇచ్చిన రోజు 2010 జనవరి 12, హైతీని భూకంపం నేలమట్టం చేసిన రోజే. ఆ అప్రతిష్ట నుంచే స్విట్జర్లాండ్‌లో 2011లో ఒక చట్టం, దాని స్థానంలో 2016 జులై నుంచి ఇప్పుడున్న చట్టం వచ్చాయి. అవతలి దేశం చేతకాక అడగలేకపోయినా ప్రభుత్వమే నాలుగేళ్ల వరకు, ఏటేటా పొడిగిస్తూ గరిష్ఠంగా పదేళ్లు ఖాతా ఆపి ఉంచొచ్చు.

సివిల్ దారిలో జాంబియా కేసు చూడండి. మాజీ అధ్యక్షుడు చిలూబా, అతని సహచరుల మీద జాంబియా ప్రభుత్వం లండన్ హైకోర్టులో మామూలు దావా వేసి 2007 మేలో 4 కోట్ల డాలర్లకు పైగా డిక్రీ తెచ్చుకుంది. 2009లో అతను స్వదేశంలో క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు, లండన్ డిక్రీ లుసాకాలో అమలు కాలేదు. ఒడంబడిక 53వ అధికరణం ఇలాంటి దావాకు తలుపు తెరుస్తుంది గానీ ఇంట్లో రాజకీయ గాలి మారితే ఎవరూ ఏమీ చేయలేరు.

నెట్‌వర్క్‌లు

వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, బయటివాళ్లకు ప్రవేశం లేదు. ఇంటర్‌పోల్‌తో కలిసి స్టార్ 2009లో ఫోకల్ పాయింట్ల (ప్రతి దేశంలో సంప్రదించాల్సిన అధికారుల) జాబితా మొదలుపెట్టింది. ఐరాస వైపు నుంచి 2021 జూన్‌లో వచ్చిన, అవినీతి దర్యాప్తు సంస్థలను కలిపే గ్లోబ్ నెట్‌వర్క్‌లో మన సీబీఐ, ఈడీ రెండూ ఉన్నాయి, 2024 సెప్టెంబరులో బీజింగ్ సమావేశంలో భారత్ దాని స్టీరింగ్ కమిటీకి ఎన్నికైంది. ఇంటర్‌పోల్ 2025 జనవరిలో 52 దేశాలతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన సిల్వర్ నోటీసు కొత్త పనిముట్టు. రెడ్ నోటీసు మనిషి కోసమైతే ఇది ఆస్తి కోసం. ఆచూకీ తెలపమని అడుగుతుందే తప్ప దానంతటది దేన్నీ ఆపదు. ఇలా కాలం కలిసొచ్చే సాధనాలు పెరుగుతున్నాయి, కానీ అన్నిట్లోనూ ఒకే బలహీనత. ఫోకల్ పాయింట్ అధికారి బదిలీ అయితే నంబరు మోగుతుంది, ఎత్తేవాళ్లు ఉండరు.

ఆపినదాన్ని చూసుకోవడం, తిరిగి ఇవ్వడం

ఆస్తి నిర్వహణ అధ్యాయాన్ని అందరూ దాటేస్తారు. మలేసియా ప్రభుత్వ నిధి 1ఎండీబీ కుంభకోణంలోని ఈక్వానిమిటీ నౌక తలచుకుంటే దాటేయబుద్ధి కాదు. 91 మీటర్ల విలాస నౌక, కొన్న ధర సుమారు 25 కోట్ల డాలర్లు. 2018 ఫిబ్రవరిలో బాలీ దగ్గర పట్టుబడింది, 2019లో 12.6 కోట్లకు అమ్మారు. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు గానీ నౌక విషయంలో అది చెల్లదు. సిబ్బంది జీతం, ఇంధనం, బీమా, రేవు అద్దె రోజూ తింటాయి. తీర్పు దాకా ఆగకుండా ముందే అమ్మి డబ్బును వడ్డీ ఖాతాలో వేసే అధికారం కోర్టు దగ్గర తీసుకోమని హ్యాండ్‌బుక్ చెప్పేది ఇందుకే. వజ్రాలు నయం. పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో 2020 జూన్‌లో ఈడీ హాంకాంగ్ గోదాము నుంచి ముంబైకి తెచ్చిన 108 కన్‌సైన్‌మెంట్లు 2,340 కిలోలు, విలువ 1,350 కోట్ల రూపాయలని చెప్పింది. అవి తిండి అడగవు.

తిరిగి ఇచ్చే దశలో స్టార్ సాహిత్యం సూత్రాల స్థాయిలో ఆగిపోతుంది. ఒడంబడిక 57వ అధికరణం స్పష్టంగానే ఉంది. ప్రభుత్వ ధనం కాజేసిన కేసైతే అడిగిన దేశానికి ఇచ్చి తీరాలి. ఇతర అవినీతి నేరాల సొమ్మైతే ఆ దేశం తన యాజమాన్యాన్ని లేదా నష్టాన్ని చూపించుకోవాలి. సహేతుకమైన ఖర్చులు మినహాయించుకోవచ్చు. ఆచరణలో ఇచ్చే దేశం షరతులు పెడుతుంది. నైజీరియా మాజీ సైనిక పాలకుడు అబాచా సొమ్ములో స్విట్జర్లాండ్ ఇచ్చిన సుమారు 32 కోట్ల డాలర్లు 2017 డిసెంబరు ఒప్పందం ప్రకారం ప్రపంచ బ్యాంకు పర్యవేక్షణలో పేద కుటుంబాలకు నగదుగా వెళ్లాయి. జెర్సీ దీవి, అమెరికా కలిసి 2020లో ఇచ్చిన 31 కోట్లు లాగోస్-ఇబాడాన్ రోడ్డు, అబూజా-కానో రోడ్డు, నైజర్ నది రెండో వంతెనకు పోయాయి. కజకిస్తాన్ సొమ్మును ప్రభుత్వం చేతికే ఇవ్వకుండా బోటా అనే ఫౌండేషన్ పెట్టి 2014 వరకు తల్లులకు, విద్యార్థులకు పంచారు. దొంగిలించినవాళ్లే కుర్చీలో ఉంటే ఎవరికి ఇవ్వాలన్న చిక్కుముడికి ఇది ఒక జవాబు. ఏ నమూనా ఎప్పుడు నప్పుతుందో గీత గీసి చెప్పే ధైర్యం స్టార్ ప్రచురణల్లో కనిపించదు. స్టార్ వెనకున్న ప్రపంచ బ్యాంకులోనూ ఐరాసలోనూ దాదాపు అన్ని ప్రభుత్వాలూ సభ్యులే, మొహమాటం సహజం.

విదేశీ కంపెనీలు తమ దేశంలో జరిమానా కట్టి కేసు మూసేసుకునే సందర్భాల మీద స్టార్ వేసిన అధ్యయనం మాత్రం మొహమాటం లేనిది. లంచం తిన్న అధికారి దేశం కాక వేరే దేశం విధించిన సుమారు 600 కోట్ల డాలర్ల జరిమానాల్లో, లంచం జరిగిన దేశాలకు దక్కింది 19.7 కోట్లు, నూటికి 3.3. ఆంధ్ర తీరంలో టైటానియం ఖనిజ అనుమతుల కోసం 1.85 కోట్ల డాలర్ల లంచాల పథకం వేశారంటూ షికాగోలో నమోదై 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ అభియోగపత్రం గుర్తుండే ఉంటుంది. అవి అభియోగాలే. కానీ అలాంటి కేసు ఎక్కడో రాజీతో ముగిస్తే మన వాటా ఎవరు అడగాలి, ఏ గడువులో అడగాలి అన్నది ముందే తెలిసి ఉండాలంటే ఆ నివేదిక చదవాలి.

మా మార్కులు, అయిదింటికి: హ్యాండ్‌బుక్ నాలుగున్నర, యాజమాన్య గైడ్లు నాలుగు, డేటాబేస్ మూడు, సొమ్ము తిరిగి ఇవ్వడంపై ప్రచురణలు రెండున్నర.

టెంప్లేట్‌లో లేని ఒక పేజీని తెలుగువాళ్ల కేసుల్లో మొదటి అనుబంధంగా పెట్టుకోవాలి. మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరంగా. ఒకే మనిషి పాన్ కార్డులో ఒకలా, పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి ఇంకోలా, అమెరికా వీసాలో మొదటి పేరు లేదన్న అర్థంలో ఎఫ్ఎన్‌యూ అని, సింగపూర్ ఖాతాలో చివరి పదమే ఇంటిపేరై కనిపిస్తాడు. రావు, రెడ్డి, చౌదరి అని వెతికితే అక్కడి బ్యాంకులో వేలమంది తేలతారు, లేదా ఎవరూ తేలరు. అందుకే ఒక పట్టిక: పేరు రాసే అన్ని రూపాలు, ప్రతి రూపం ఏ పత్రంలో ఉందో, పుట్టిన తేదీ, పాత కొత్త పాస్‌పోర్టు నంబర్లు, తండ్రి పేరు, భార్య పుట్టింటి పేరు. బినామీ ఖాతా చాలాసార్లు తేలేది ఆ చివరి గడిలోనే.